నొప్పి తెలిసే వేళ్లు

మంగతాయారు చెయ్యి కాలుతున్న సంగతి ముందుగా ఆమె కూతురికి తెలిసింది.

ఆత్రేయపురంలో వాళ్ల ఇంటి వెనక వసారాలో, బోర్లించిన కుండ ముందు పీట వేసుకుని తాయారు పూతరేకులు తీస్తోంది. కుండ కింద కొబ్బరాకుల మంట. పక్కన పళ్లెంలో పాలలా పల్చటి బియ్యప్పిండి నీళ్లు. గుడ్డని అందులో ముంచి, రెండు చేతులా పట్టుకుని, వేడి కుండ మీద ఒక్కసారి పరిచి లాగితే చాలు, రెప్ప వేసి తెరిచేలోగా కాగితం లాంటి రేకు తయారవుతుంది. పాతికేళ్లుగా చేస్తున్న పని. ఆ రోజు ఆమె ఎదురింటి వాళ్ల కొత్త కోడలి గురించి ఏదో చెబుతూ ఎడమ చెయ్యి కుండకి ఆనించింది. ఆనించి అలాగే మాట్లాడుతోంది.

"అమ్మా, ఏదో మాడుతోంది," అంది వీరవేణి.

తాయారుకీ వాసన తగిలింది. వంగి పొయ్యిలోకి చూసింది. "కొబ్బరి పీచేమోనే," అంది.

అప్పుడు వీరవేణి తల్లి చెయ్యి చూసింది. లేచి ఒక్క గుంజు గుంజింది. అరచేతి పక్క చర్మం కొంత కుండకే అతుక్కుని ఉండిపోయింది. తాయారు ఆ చేతిని, పక్కవాళ్లది ఎవరిదో చూసినట్టు చూసింది.

ఆమెకి కుష్టు వచ్చి ఆరేళ్లయింది. ఏడాది పాటు మాత్రలు మింగింది, జబ్బు పూర్తిగా పోయింది, ఇంక ఎవరికీ అంటుకోదని డాక్టర్లు కాగితం కూడా రాసిచ్చారు. కానీ జబ్బు పోతూ పోతూ మోచేతి కింద నరాలని పట్టుకుపోయింది. వేళ్లు వంగుతాయి, పట్టుకుంటాయి. ఏం పట్టుకున్నాయో మాత్రం ఆమెకి తెలీదు. వీధిలో నరాల బలహీనత అని చెప్పుకున్నారు. తినే వస్తువు చేసే చేతులు కదా, అసలు పేరు చెప్పే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

చెయ్యి కాలిన మర్నాటి నుంచి వీరవేణి రాజమండ్రి కాలేజీకి వెళ్లడం తగ్గించింది. బీఎస్సీ చివరి సంవత్సరం. ముందు వారానికి రెండు రోజులు మానింది, తరవాత నాలుగు, తరవాత మొత్తం. ఎవరూ మానమనలేదు. తండ్రి సూరిబాబు తెల్లారగానే రావులపాలెం అరటి మార్కెట్టుకి పనికి వెళ్లిపోతాడు. తల్లి కుండ ముందు కూర్చుంటే ఎదురుగా కూర్చుని ఆ చేతుల్ని కనిపెట్టుకుని ఉండేవాళ్లు ఒకరు కావాలి. "అమ్మా, చెయ్యి" అని రోజుకి నలభై సార్లు అనడమే వీరవేణి పని అయింది.

పుండుకి కట్టు కట్టించుకోడానికి వెళ్లిన ఆస్పత్రిలో ఒక డాక్టరు విశాఖపట్నం సంగతి చెప్పాడు. అక్కడ ఎవరో స్పర్శ పోయిన చేతులకి మళ్లీ స్పర్శ తెప్పించే ప్రయత్నం చేస్తున్నారట, మనుషులు కావాలట.

ఆ ప్రయోగశాల సముద్రానికి రెండు వీధుల అవతల, ఒక భవనంలో మూడో అంతస్తు. నడిపేది డాక్టర్ పర్వీన్. నరసరావుపేట మనిషి, యాభై దాటినావిడ, నరాల వైద్యంలో ఇరవై ఏళ్లు పనిచేసి ఇందులోకి వచ్చింది. పరికరం తయారుచేసిన ఇంజనీరు ఎలీషాకి ముప్పై కూడా లేవు. మొదటి రోజు అతను ఒక చిన్న సీసాలోంచి పట్టకారుతో ఉల్లిపొర లాంటిదాన్ని పైకి తీసి చూపించాడు.

"మనం దీన్ని పొర అంటామండి. వేలి కొసకి అంటించేస్తాం. తడిసినా ఊడదు. వేడి, చల్లదనం, ఒత్తిడి, గరుకు, అన్నీ దీనికి తెలుస్తాయి."

"దీనికి తెలిస్తే సరా బాబూ? నాకు తెలవాలి కదండి," అంది తాయారు.

పర్వీన్ నవ్వింది. కుర్చీ దగ్గరికి జరుపుకుని తాయారు చెయ్యి తన ఒళ్లో పెట్టుకుంది. ఆరేళ్లలో ఇంట్లోవాళ్లు తప్ప ఎవరూ ఆ చేతిని అలా పట్టుకోలేదు.

"చూడమ్మా, ఈ వేళ్ల దగ్గర నరం చచ్చిపోయింది. పైన ఈ భుజం కింద మాత్రం బాగానే ఉంది. వేళ్ల దగ్గర జరిగేదాన్ని ఈ పొర పైకి పంపుద్ది. భుజానికి కట్టిన పట్టీ దాన్ని అక్కడ నరానికి చెబుద్ది. మొదట్లో నీకు భుజం దగ్గరే చీమలు పాకినట్టుంటది. అది వేళ్ల నుంచి వచ్చిన కబురని నీ మెదడు నేర్చుకోవాల. నేర్చుకుంటదో లేదో నాకూ తెలీదు. అబద్ధం చెప్పను."

రెండు నెలలు అక్కడే ఉన్నారు. రోజూ ఉదయం తాయారు కళ్లకి గంతలు కట్టి చేతిలో ఏదో ఒకటి పెట్టేవాళ్లు. దూది, ఇసుక, గరిటె, మంచు ముక్క. ఆమె భుజం గోక్కుంటూ "చీమలండి" అనేది. మూడో వారంలో "పెద్ద చీమలు", "చిన్న చీమలు" అని తేడా చెప్పింది. అయిదో వారానికి ఏమీ మారలేదు. ఎలీషా రాతల్లో వరసగా తప్పు గుర్తులే. వీరవేణి తిరుగు ప్రయాణానికి రైలు టికెట్ల సంగతి కూడా కనుక్కుంది.

ఆరో వారం మంగళవారం నాడు పర్వీన్ ఆమె వేళ్లు పట్టుకుని పొర అంచులు చూస్తోంది. గంతలు లేవు, పరీక్షా లేదు.

"మీకు చేతులు చెమర్చుతున్నాయండి," అంది తాయారు.

పర్వీన్ చూపు ఎత్తింది.

"తడిగా ఉన్నాయండి మీ చేతులు. ఇదిగోనండి, ఈ వేలికి తెలుత్తంది. వేలికేనండి. భుజానికి కాదు." తాయారు ఆ చెయ్యి వదల్లేదు. అటూ ఇటూ తిప్పి తడిమింది. గోళ్లు, కణుపులు, ఉంగరం, మణికట్టు దగ్గర ఎత్తుగా ఉన్న నరం. తరవాత కూతుర్ని దగ్గరికి పిలిచి చెంపలు తడిమింది. "ఇంత చిక్కిపోయేవేంటే," అంది.

ఎలీషా ఆ రోజు రాతల్లో ఏమీ రాయలేదు. మేడ మీదికి వెళ్లి కాసేపు నిలబడి వచ్చాడు.

ఒక్క చిక్కు మిగిలింది. మంచు ముక్క, గోరువెచ్చటి నీళ్లు ఒక ఎత్తు. వేడి పెరిగి నొప్పి దాకా వెళితే ఏం చెయ్యాలి? ఒకసారి వేడి గిన్నెకి వేలు తగిలినప్పుడు తాయారు కుర్చీలోంచి కింద పడిపోయింది. మామూలు చేతికి చురుక్కుమనేది ఆమెకి చెయ్యి నరికినట్టయింది. ఎలీషా ఆ సాయంత్రమే కూర్చుని మార్పు చేశాడు. ఒక హద్దు దాటిన వేడిని పొర పైకి పంపదు. దానికి బదులు పట్టీలో చిన్న కూత వినిపిస్తుంది. "ఆవిడ స్పర్శ కోసం వచ్చారు మేడమ్, నొప్పి కోసం రాలేదు కదా," అన్నాడు. పర్వీన్ చాలాసేపు ఆలోచించి, సరేనంది.

తాయారు ఇంటికి వచ్చి కుండ ముందు కూర్చున్న రోజు నిజంగా పండగే. పిండినీళ్లలో వేళ్లు ముంచగానే చిక్కదనం తెలిసింది. ఇన్నేళ్లూ వీరవేణిని అడిగి నీళ్లు కలిపేది. రేకు అంచు ఎక్కడ లేచిందో వేలికే తెలిసిపోతోంది. విరగని రేకులు, దీపం వెలుగు కనిపించేంత పల్చటివి, ఒకదాని మీద ఒకటి. పైగా సెగ అన్నదే లేదు. పక్కింటి ఆవిడ వచ్చి, "చెయ్యి కాలట్లేదా తాయారూ? మేవైతే గంటకోసారి లేవాలి," అంది. తాయారు లేవలేదు. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం దాకా కదల్లేదు.

వీరవేణి మళ్లీ కాలేజీకి వెళ్లింది. హాస్టల్లో ఉండి చదువుకోమని తాయారే పట్టుబట్టి పంపించింది.

పట్టీ కూస్తూనే ఉంది. మొదటి రోజుల్లో కూసినప్పుడల్లా తాయారు చెయ్యి తీసింది. కుండ ముందు కూర్చున్నవాళ్లకి అది గంటకి ఇరవై సార్లు కూస్తుంది. వారానికల్లా అది పక్కింటి కుక్కర్ కూతలా అయిపోయింది. చివరికి ఆమె పట్టీ మీద తువ్వాలు చుట్టుకుంది.

వీరవేణి మూడు వారాల తరవాత ఆదివారం ఇంటికి వచ్చింది. తల్లి కుడిచేతి చిటికెన వేలు నల్లగా, పైనున్న పొర ఉబ్బి, కింద చీము కట్టి ఉంది.

"ఏంటమ్మా ఇది?"

"ఏది?" అంది తాయారు. ఆమె నిజంగానే చూసుకోలేదు. వేలు నున్నటిది, గరుకుది, తడిది, పొడిది, అన్నీ చెబుతూనే ఉంది. కాలుతున్నానని ఒక్కటే చెప్పలేదు.

విశాఖ ఆస్పత్రిలో ఆ వేలు మొదటి కణుపు దాకా తీసేశారు.

ఎలీషా పొరలో దాచిన లెక్కలు బయటికి తీశాడు. హద్దు దాటిన వేడి రెండు వేల నాలుగు వందల పన్నెండు సార్లు తగిలింది. "ప్రతిసారీ కూసింది మేడమ్. ఒక్కసారి కూడా తప్పలేదు," అన్నాడు.

"కూసింది. నొప్పి పెట్టలేదు," అంది పర్వీన్. "తప్పు నీ ఒక్కడిదీ కాదులే. సరేనన్నది నేను. నా దగ్గరికి వచ్చే ప్రతివాళ్లూ నొప్పి తగ్గించమనే వస్తారు. ఆ అలవాటు నాకు."

నొప్పిని తిరిగి పెట్టాలంటే అనుమతి కావాలి. ఇలాంటి ప్రయోగాల్లో మనిషికి అన్యాయం జరగకుండా చూసే సంఘం ఒకటి ఉంది. ఆరుగురు సభ్యులు. తాయారుని కూడా పిలిచారు. చేతి కట్టుతో, పక్కన కూతురితో వచ్చి కూర్చుంది.

"నొప్పి పుట్టించే పరికరాన్ని రోగికి తొడగటం వైద్యం ఎలా అవుతుందో మాకు అర్థం కావడం లేదు," అన్నాడు అందరిలోకి పెద్దాయన. మర్యాదగానే అన్నాడు. "అమ్మా, మీరీ పని మానేసి వేరే పని చూసుకోవచ్చు కదా."

"అలాగేనండి. అన్నం వార్చడం కూడా మానెయ్యాలండి. టీ గ్లాసు పట్టుకోడం, తలుపు సందులో చెయ్యి పెట్టడం, అన్నీ మానెయ్యాలండి," అంది తాయారు. కట్టున్న చెయ్యి ముందుకి చాపింది. "నాకొచ్చింది కుష్టండి. ఊళ్లో ఎప్పుడూ చెప్పలేదు, మీ ముందే చెబుతున్నాను. ఆ జబ్బుకి వేళ్లు రాలిపోతాయంటారు చూడండి, అది జబ్బు చేసింది కాదండి. నొప్పి లేకపోడం చేసిందండి. కాలేదీ తెగేదీ తెలవక మనవే పోగొట్టుకుంటాం. నాకు సుఖం ఇచ్చారు, వేలు పోయింది. ఈసారి నొప్పి ఇవ్వండి. మిగతా తొమ్మిదీ ఉంటాయి."

చివరికి సభ్యులు ఒప్పుకున్నారు, ఒక షరతు మీద. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆపేసేందుకు మీట ఒకటి ఉండాలి, అది తాయారు చేతిలో ఉండాలి.

"నా చేతిలో వద్దండి. దసరాకి ఆర్డర్లు పడతాయి. నేను ఆపేత్తాను. నా సంగతి నాకు తెలుసు," అంది తాయారు.

"అయితే మీరు నమ్మేవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

తాయారు కూతురి వైపు చూసింది. ఆరుగురూ అటే చూశారు. వీరవేణిని ఎవరూ అడగలేదు. ఆమె తల ఊపింది.

మీట బొటనవేలంత ఉంది. పదిహేను రోజులు ఆపకుండా ఉంచాలి, మధ్యలో ఆపితే నేర్చుకున్నదంతా మొదటికి వస్తుందని పర్వీన్ చెప్పి పంపించింది. తట్టుకోలేకపోతే ఏ వేళలోనైనా ఫోన్ చెయ్యమంది.

మొదటి రోజు తాయారు గోరువెచ్చటి నీళ్లలో చెయ్యి పెట్టి కేక పెట్టింది. నొప్పికి దారి తెరిచాక, ఇదివరకు బెదరని స్పర్శ కూడా నొప్పిగానే అందుతోంది. అన్నం ముద్ద పట్టుకోలేకపోయింది. దువ్వెన పళ్లు గుచ్చాయి. దుప్పటి అంచు తగిలితే వణికిపోయింది. సూరిబాబు మార్కెట్టు నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి, లోపలికి రాలేక, మళ్లీ వీధిలోకి వెళ్లిపోయాడు.

"ఆపెయ్యవే. ఒక్క గంట. ఒక్క గంట ఆపితే ఏం కాదు," అనేది తాయారు.

"అన్నం తినిపిస్తాను, నోరు తెరు," అనేది వీరవేణి.

ఆమె ఒక నోటు పుస్తకంలో ప్రతిదీ రాసింది. ఏది తగిలింది, ఎన్ని గంటలకి, ఎంతసేపు ఏడ్చింది, ముందు తెలుసా, తెలియకుండా తగిలిందా. రాయమని ఎవరూ చెప్పలేదు. చేతులు ఊరుకోలేక రాసింది. మీట లంగా బొడ్డులో దోపుకుని, పడుకున్నప్పుడు కూడా దాని మీద చెయ్యి వేసుకునేది.

అయిదో రోజు మధ్యాహ్నం తాయారు ఏమీ అడగలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది. వీపు మాత్రం కదులుతోంది. వీరవేణి కాసేపు చూసి, మీట నొక్కేసింది.

వీపు కదలడం ఆగింది. కొద్దిసేపటికి తాయారు ఇటు తిరిగింది. చెయ్యి ఎత్తి చూసుకుని, దుప్పటి మీద వేసి రుద్దింది.

"ఎంతసేపయింది?"

"పది నిమిషాలు."

"అడిగినన్నాళ్లూ ఆపలేదు. అడక్కుండా ఉంటే ఆపేశావా," అంది తాయారు. కోపంగా కాదు. "పెట్టెయ్యి."

"పెట్టను."

"వేణీ."

"పెట్టనమ్మా." వీరవేణి మీటని తీసి తల్లి పక్కన పడేసింది. "ఆ రోజు నువ్వు నన్నడిగావా? ఆళ్లందరూ చూత్తంటే నేను కాదని ఎలా అంటాను? నీ చెయ్యి కనిపెట్టుకుని కూర్చుని ఏడాది పోగొట్టుకున్నాను, అదేం అనుకోలేదు నేను. ఇప్పుడు నీ ఏడుపు నా చేతిలో పెట్టావు. నువ్వు ఏడుత్తంటే నేను ఏడిపిత్తన్నట్టుంది. నాకు చేతకాదు."

తాయారు లేచి కూర్చుంది. వీధిలో ఐస్ బండి గంట వెళ్లిపోయింది.

"అడగలేదే," అంది చివరికి. "నిజమే. అడగలేదు." కూతురి తల దగ్గరికి తీసుకుంది. ఆ జుట్టు ఆమె వేళ్లకి తెలియలేదు. పొర ఆగి ఉంది.

వీరవేణి అదే సాయంత్రం పర్వీన్‌కి ఫోన్ చేసి ఆపేసిన సంగతి చెప్పింది. పర్వీన్ తిట్టలేదు. తిట్టకపోవడంతో వీరవేణి నోటు పుస్తకం తీసి, అయిదు రోజులదీ మొదటి నుంచి చివరి దాకా చదివింది. సగంలో అటువైపు ఎలీషా కూడా వచ్చి కూర్చున్నాడు.

"ఆగండి. బుధవారం మళ్లీ చదవండి," అన్నాడు.

"పొద్దున ఏడు గంటలకి నీళ్లు తగిలితే ఇరవై నిమిషాలు ఏడ్చింది. మధ్యాహ్నం మూడింటికి అవే నీళ్లు, తనే పోసుకుంది, ముఖం చిట్లించింది అంతే. గురువారం పొద్దున మళ్లీ ఇరవై నిమిషాలు."

"రోజూ అంతేనా?"

"రోజూ అంతేనండి. తనంతట తను ముట్టుకుంటే తక్కువ. తెలీకుండా తగిలితే ఎక్కువ. సాయంత్రానికి కాస్త నయం, తెల్లారేసరికి మళ్లీ మొదటికి."

ఎలీషా ఫోన్ పెట్టేసి వెళ్లి పొరని తన వేళ్లకి అంటించుకున్నాడు. చెయ్యి మొద్దుబారేలా మందు చేయించుకుని, పరికరాన్ని తాయారుకి పెట్టిన కొలతలోనే పెట్టాడు. గ్లాసు నీళ్లు ముట్టుకుని అరగంట మణికట్టు బిగించి పట్టుకుని కూర్చున్నాడు. ఆ కొలతలు కాలేజీ కుర్రాళ్ల మీద తీసినవి. వాళ్ల చేతులు పుట్టినప్పటి నుంచి నొప్పి ఎరిగినవి. ఆరేళ్లు చీకట్లో ఉన్న కళ్ల మీదికి వీళ్లు ఒక్కసారిగా ఎండని వదిలారు. అయిదు రోజుల పాటు ఆ మెదడు రోజూ సాయంత్రానికి కాస్త సర్దుకోవడం, తెల్లారి మళ్లీ బెదిరిపోవడం. పదిహేనో రోజు వచ్చినా ఆ వరస మారేది కాదు.

మూడో రోజున పర్వీన్, ఎలీషా ఇద్దరూ ఆత్రేయపురం వచ్చారు. వసారాలో చాప మీద కూర్చున్నారు. పదో వంతు నుంచి మొదలుపెట్టి రోజుకి కొంచెం పెంచుదామంది పర్వీన్. "పెంచే మీట మళ్లీ వీరవేణి దగ్గరే ఉంచుదామా?" అనడిగింది. ఈసారి వీరవేణినే అడిగింది.

"నా దగ్గర వద్దండి. అమ్మ చేతిలోనే ఉండాలి. తను ముట్టుకుంటే నొప్పి తక్కువ తెలుత్తంది కదండి, పెంచుకోడం కూడా తనే పెంచుకోవాలి," అంది వీరవేణి.

"తగ్గించేసుకుంటే?" అన్నాడు ఎలీషా.

"తగ్గకుండా చెయ్యండి. ముందుకి తిరగాలి, వెనక్కి తిరక్కూడదు. ఇష్టమైన రోజు తిప్పుకుంటది, లేని రోజు ఊరుకుంటది. మరీ ప్రాణం మీదికొస్తే మేం మీకు ఫోన్ చేత్తాం, మీరు అక్కణ్ణుంచి ఆపుదురు గాని."

ఎలీషా సంచీలోంచి కాగితం తీసి గీయడం మొదలుపెట్టాడు. సంఘం పెద్దాయన ఈసారి మూడు రోజుల్లోనే అనుమతి పంపాడు. కింద చేత్తో ఒక వాక్యం కూడా రాశాడు. మొన్న మీ అమ్మాయిని అడగకపోవడం మా పొరపాటు, అని.

కొత్త పట్టీకి బిళ్లంత చక్రం ఉంది, ముప్పై గాట్లతో. తాయారు రోజూ కాఫీ తాగాక ఒక గాటు తిప్పుకునేది. తిప్పే ముందు కళ్లు మూసుకునేది. పదకొండు రోజులు ఏడ్చింది, కానీ ఏడుస్తూనే పనులు చేసుకుంది. కొన్ని రోజులు తిప్పలేదు. ఒక రోజు సూరిబాబు మీద ఏదో కోపం వచ్చి రెండు గాట్లు తిప్పేసి, సాయంత్రం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు. నెల దాటింది. నొప్పి రకరకాలుగా విడిపోయింది. చురుకు వేరు, మంట వేరు, గుచ్చుకోవడం వేరు, నొక్కుకోవడం వేరు. వేటికి బెదరాలో వేటికి అక్కర్లేదో చెయ్యే నేర్చుకుంది.

ఇరవై ఏడో గాటు రోజు ఆమె మళ్లీ కుండ ముందు కూర్చుంది. వీరవేణి హాస్టల్లో ఉంది. వసారాలో ఎవరూ లేరు. నాలుగు రేకులు తీసింది. అయిదో రేకు అంచు పట్టబోతుంటే ఉంగరం వేలు కుండకి తగిలింది. ఆమెకి ఆలోచన రాకముందే చెయ్యి వెనక్కి వచ్చేసింది. దానంతటదే వచ్చింది. రేకు పొయ్యి పక్కన పడి ముక్కలైంది. తాయారు చెంబులో వేలు ముంచుకుని అలాగే కూర్చుండిపోయింది. వేలు చుర్రుమంటోంది. ఎర్రబడింది, అంతే, బొబ్బ కూడా లేవలేదు. అది తగ్గేదాకా ఆ మంటని చివరి కొస వరకూ ఊరికే అనుభవించింది.

అప్పట్నుంచి పక్కింటి ఆవిడ లాగే ఆమె కూడా గంటకోసారి లేస్తోంది. రేకులు ఇదివరకటి కంటే తక్కువే అవుతున్నాయి. దసరాకి సగం ఆర్డర్లు వదులుకుంది.

మరుసటి వేసవిలో ఏడాది పరీక్షకి ఆమె విశాఖ వెళ్లింది. వీరవేణి బీఎస్సీ చివరి పరీక్షలు రాసి అక్కడే ఎలీషా దగ్గర పనిలో చేరి నెలయింది. కొత్తగా వచ్చేవాళ్ల పక్కన కూర్చుని నోటు పుస్తకం రాయడం ఆమె పని. ఇప్పుడు అక్కడ ఆ పుస్తకాలు తొమ్మిది ఉన్నాయి.

వరండాలో భీమిలి వైపు నుంచి వచ్చిన గోసల దానయ్య అనే అరవయ్యేళ్ల ఆయన బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. సముద్రంలో చేపల వేటకి వెళ్లేవాడు. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ పోయింది. మేకు దిగితే రెండు రోజులు తెలియక ఎడమ కాలి రెండు వేళ్లు పోగొట్టుకున్నాడు. రెండు పాదాలకీ పొరలు అంటించి పదిహేను రోజులయింది. చక్రం ఆరో గాటు దగ్గర ఆగిపోయింది. నాలుగు రోజుల నుంచి ఆయన తిప్పడం లేదు. వెళ్లిపోతానంటున్నాడు.

తాయారు వెళ్లి ఆయన పక్కన కూర్చుంది. తన చెయ్యి చూపించింది. ఆయన ఆ పొట్టి వేలు వైపు చూశాడు.

"ఎన్నాళ్లేడ్సినావు తల్లీ?" అనడిగాడు.

"పదకొండు రోజులండి. ఆ పైన కూడా అప్పుడప్పుడూ."

"ఆడకూతురివి, ఏడ్సుకున్నా పర్వానేదు. నానీ వయసులో ఏడిస్తే మావోల్లు నవ్వుతారు."

"మరి ఇక్కడ మీవోళ్లు ఎవరూ లేరు కదండి," అంది తాయారు.

దానయ్య ఆమె వైపు తిరిగి చూశాడు. మీసాల కింద ఏదో కదిలింది. కాసేపటికి వంగి, మడమ పైన పట్టీకి ఉన్న చక్రాన్ని ఒక గాటు తిప్పాడు. బెంచీ అంచుని గట్టిగా పట్టుకున్నాడు. వీరవేణి పుస్తకం తెరిచి టైము రాసింది.

ప్రయోగశాల వెనక ఆవరణలో కొత్త గోడ కడుతున్నారు. నేలంతా కంకర. తాయారు ఆయన మోచెయ్యి పట్టుకుని మెట్లు దింపింది. ఆయన చెప్పులు విప్పాడు. మొదటి అడుగు వేశాడు, రెండోది వేశాడు, మూడో అడుగుకి ఆగిపోయి కాలు పైకెత్తాడు. కళ్ల నిండా నీళ్లు.

"గుచ్చీసింది," అన్నాడు. "కూసిగా ఉంది తల్లీ ఆ రాయి."

"లోపలికి వెళ్దామా అండి?" అంది వీరవేణి.

దానయ్య ఒంటికాలి మీద నిలబడి కంకరలోకి వెతుకుతూ చూశాడు. అదే రాయిని గుర్తుపట్టి, కాలుని మెల్లిగా మళ్లీ దాని మీదే పెట్టాడు.